శనక్కాయల గోడౌన్లో హార్డ్ రాక్: అనంతపురం బ్యాండ్ మొదటి ఆల్బమ్ కేస్ స్టడీ

నేను అనంతపురంలో పదేళ్ళ పైనుంచి చిన్న రికార్డింగ్ స్టూడియో నడుపుతున్నా. వచ్చే పనులు భక్తి పాటలు, చర్చి ఆల్బమ్‌లు, జానపదాలు, ఎలక్షన్లొస్తే పార్టీల ప్రచార పాటలు. అన్నిటికీ పద్ధతి ఒకటే, కీబోర్డ్ ప్రోగ్రామర్ ట్రాక్ చేసిస్తాడు, సింగర్ వచ్చి పాడి పోతాడు, సాయంత్రానికి మిక్స్ చేతిలో పెట్టి పంపిస్తాం. అయిదుగురు మనుషులు నిజం వాయిద్యాలు పట్టుకోని ఒకేసారి నా ముందుకొచ్చి నిలబడింది ఈ ఆల్బమ్‌కే. అందుకే మొత్తం కేసు రాసి పెడుతున్నా, సీమలో ఇంకెవరన్నా బ్యాండ్ పెట్టి రికార్డింగ్‌కి దిగితే నేను పోగొట్టిన తొమ్మిది రోజులు వాళ్ళు పోగొట్టుకోకూడదు. బ్యాండ్ పేరు, మనుషుల పేర్లు రాయట్లేదు, వాళ్ళు వద్దన్నారు.

ముందే లెక్క చెప్తా. 8 పాటలు, 37 నిమిషాలు. వాళ్ళు నా దగ్గరికి మొదటిసారి వచ్చినప్పటి నుంచి ఆల్బమ్ బయటికి పోయేదాకా 14 నెలలు పట్టింది, అందులో మైకుల ముందు కలిసి వాయించింది 11 రాత్రులు మాత్రమే. మిగతా నెలలన్నీ ఎక్కడికి పోయినాయి అనేదే ఈ కేసు.

ఎవరు ఈ అయిదుగురు

డ్రమ్మర్ పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రానిక్ ప్యాడ్ వాయించేవాడు. మన జిల్లాల్లో డ్రమ్మర్ అంటే తొంభై శాతం ప్యాడ్ ప్లేయరే, చేతులు మెరుపులా ఆడతాయి, కాలుకి మాత్రం పనుండదు, ఇంకోటి ఏందంటే ప్యాడ్‌ని ఎంత మెల్లగా కొట్టినా స్పీకర్‌లో పెద్దగానే వస్తుంది కాబట్టి గట్టిగా కొట్టే అలవాటు ఉండదు. హార్డ్ రాక్‌లో స్నేర్ (పుల్లలతో కొట్టే ముందు డ్రమ్ము) ప్రతి దెబ్బా ఒకే బరువుతో పడాలి, కిక్ (కాలితో తొక్కి కొట్టే పెద్ద డ్రమ్ము) కాలు బేస్ గిటార్‌తో కలిసి నడవాలి. ఈ పిల్లోడు బెంగళూర్లో సెకండ్ హ్యాండ్ కిట్ కొని బస్సు డిక్కీలో వేసుకోని తెచ్చుకున్నాడు, నాలుగు నెలలు రోజూ గంటన్నర ఒట్టి కిక్కూ స్నేరే కొట్టినాడు. ఇంకేమీ వాయించలేదు. ఆల్బమ్‌లో నాకు అన్నిటికన్నా గర్వంగా అనిపించేది ఆ పిల్లోడి కుడికాలే.

బేస్ వాయించే అమ్మాయి చర్చిలో కీబోర్డ్ ప్లేయర్. మన దగ్గర వెస్టర్న్ కార్డ్స్ క్రమంగా నేర్పే చోటు ఏదన్నా ఉందంటే అది చర్చిలే, నాకు తెలిసిన మంచి గిటారిస్టుల్లో సగం మంది ఆదివారం ఆరాధనల్లో వాయించి నేర్చుకున్నోళ్ళే. ఈమెకి ఎడమచేత్తో బేస్ నోట్లు పట్టే అలవాటు ముందే ఉండడంతో గిటార్ మీదికి మారడం సులువైంది. రిథమ్ గిటార్ అబ్బాయికి వాళ్ళ నాన్న సిమెంటు అంగడి ఉంది. లీడ్ గిటార్ అబ్బాయి ఇక్కడే ఇంజనీరింగ్ చదివి బెంగళూర్లో ఉద్యోగం చేస్తాడు, శుక్రవారం రాత్రి బండెక్కి వస్తాడు, సోమవారం తెల్లారేసరికి వెనక్కి.

అనంతపురానికి హైదరాబాద్ కన్నా బెంగళూరే దగ్గర, రెండొందల కిలోమీటర్ల పైచిలుకు, రాక్ మనకి వచ్చింది కూడా ఆ దోవనే. 2007 మార్చి 17న ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ వాయించినప్పుడు నేను పోయినా, 2011 అక్టోబర్ 30న అదే మైదానంలో మెటాలికా వాయించినప్పుడూ పోయినా. రెండుసార్లూ తిరుగు బస్సులో చెవులు గుయ్యిమంటూ ఒకే ఆలోచన, మన ఊర్లో మన మాటతో ఇది ఎందుకు కాకూడదని. కేరళలో అవియల్ బ్యాండ్ 2008లోనే అచ్చ మలయాళంలో రాక్ ఆల్బమ్ తెచ్చింది కదా.

గొంతు సంగతి వేరే చెప్పాలి. పాడే అబ్బాయిది రాప్తాడు వైపు పల్లె, ఎరువుల అంగట్లో పని, చిన్నప్పటి నుంచి చెక్కభజన గుంపులో ఉన్నాడు. చేతిలో చెక్కలు, కాళ్ళకి గజ్జెలు, ఎగురుతా తిరుగుతా పాడుతూనే ఉండాలి, మైకు లేకున్నా రచ్చకట్ట కాడ కూర్చున్న ముసలోళ్ళకి మాట వినపడాలి. రాక్ సింగర్‌కి ఊపిరి ఎట్ల నిలబెట్టాలో నేర్పడానికి నెలలు పడుతుంది, ఈ అబ్బాయికి అది కడుపులో ముందే ఉంది.

మొదటి ఏడు నెలలు వీళ్ళు ఇంగ్లీష్ పాటలే వాయించినారు, కాలేజీ ఫెస్ట్‌లలో, ఒకట్రెండు పుట్టినరోజు ఫంక్షన్లలో. నా దగ్గరికి వచ్చేసరికి సొంత పాటలు నాలుగు ఉన్నాయి, నాలుగూ తెలుగులోనే.

మాట కుదరలేదు

మొదటి సమస్య ఇదే, గేర్‌తో సంబంధం లేని సమస్య. ఫోన్‌లో రికార్డ్ చేసుకొచ్చిన పాటలు వినిపించినారు. రిఫ్ (పాటలో మళ్ళీ మళ్ళీ తిరిగొచ్చే గిటార్ ముక్క) బాగుంది, గొంతు బాగుంది, కలిపితే మాత్రం డబ్బింగ్ పాట మాదిరి ఉంది. ఎందుకో నాకూ వెంటనే తట్టలేదు. రెండు వారాలు పదే పదే విన్నాక అర్థమైంది.

హార్డ్ రాక్ రిఫ్ అంటే కొట్టడం, టక్కున ఆపడం. అరచేయి తీగల మీద ఆనించి కొట్టే దెబ్బలు గట్టి హల్లుల్లా ఉంటాయి. తెలుగు అజంత భాష, మాటలన్నీ దాదాపు అచ్చుతోనే ముగుస్తాయి. ఇంగ్లీష్ పాటకి అలవాటైన చెవితో రాస్తే గిటార్ ఆగిపోయినాక కూడా మన మాట సాగుతా ఉంటుంది. ఒక పాటలో మొదటి లైను "సూర్యుడిని శిరసున మోస్తూ సాగుతున్నాను" అని ఉండేది. చివర్లో ఆ "ను" చూడండి, పెదాలు ముడుచుకోని ముగిసే చిన్న అచ్చు, దాన్ని పై స్థాయిలో ఎట్ల పట్టుకుంటాడు? గొంతు నలిగిపోతాంది.

పాడే అబ్బాయినే అడిగినా, "నువ్వు చేన్లో ఉండి మీ నాయనతో ఇదే మాట చెప్పాలంటే ఎట్ల చెప్తావు" అని. కొంచెంసేపు ఆలోచించి "పొద్దు నెత్తిన పెట్టుకోని పోతాండా అంటానన్నా" అన్నాడు. రూములో అందరూ గమ్మున అయిపోయినారు. అదే పాట.

ఎందుకు కుదిరిందో వివరంగా చెప్తా, ఈ కేసులో అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే అని నా నమ్మకం. "పొద్దు", "పెట్టు", రెండిట్లోనూ ద్విత్వం ఉంది. ఛందస్సులో ద్విత్వాక్షరానికి ముందున్న అక్షరం గురువు అవుతుంది, బరువు దాని మీద పడుతుంది, ఆ బరువు సరిగ్గా గిటార్ దెబ్బ మీదికి వస్తే మాటా రిఫ్ఫూ ఒకటే దెబ్బ. చివర్లో "పోతాండా", మన యాసలో పోతున్నాను అనే మాట, నోరు పూర్తిగా తెరుచుకునే దీర్ఘం "ఆ" మీద ముగుస్తుంది, దాన్ని ఎంత పైకన్నా తీసుకుపో, ఎంతసేపన్నా పట్టుకో. చేస్తాండా, చూస్తాండా, వస్తాండా, మన అనంతపురం యాసలో "నేను" అని చెప్పుకునే వర్తమాన కాలం మొత్తం ఆ పాడే అచ్చుతోనే ముగుస్తుంది. సీమ యాస సినిమాల్లో తొడగొట్టే మాటలకే అని ఇన్నాళ్ళూ వాడినారు, అది పాడడానికి ఎంత గొప్ప భాషో మా ఊర్లో పుట్టి ఇన్నేళ్ళు చెవులతోనే బతికే నాకే తెలీలేదు.

అప్పటి నుంచి నాలుగు పాటలూ తిరగరాసినారు, ఇంకో నాలుగు కొత్తగా కట్టినారు. ఒక పాట ఏడు మాత్రల మీద నడుస్తుంది, మూడు నాలుగుగా విరిగే మిశ్రగతి. డ్రమ్మర్‌కి అంకెలతో చెప్తే వారం రోజులు తడబడినాడు, సింగర్ చెక్కలు తెచ్చి "తకిట తకధిమి" అని వాయించి చూపించినాక సగం పూటలో పట్టుకున్నాడు.

ఈ పని మొత్తానికి అయిదు నెలలు. రిథమ్ గిటార్ అబ్బాయికి ఓపిక తగ్గింది, "ఎప్పుడన్నా మరి రికార్డింగ్" అని ప్రతి ఆదివారం అడిగేవాడు. నేను ఒకటే చెప్పినా. బ్లాక్ సబ్బాత్ వాళ్ళ మొదటి ఆల్బమ్ 1969 అక్టోబర్‌లో దాదాపు ఒక్క రోజులో రికార్డ్ చేసినారు, అది అయ్యింది ఎందుకంటే అంతకు ముందు ఆ పాటల్ని స్టేజీల మీద వాయించి వాయించి అరగదీసి ఉన్నారు.

పారేసిన తొమ్మిది రోజులు

ఇక్కడ తప్పు నాది. డ్రమ్స్ నా స్టూడియోలోనే తీద్దామని నిర్ణయించింది నేనే. రూము పొడవు పన్నెండడుగులు, వెడల్పు పది, ఎత్తు పది, గోడలంతా అంగుళం మందం ఫోమ్. భక్తి పాటల గొంతుకి అది బ్రహ్మాండంగా సరిపోతుంది. తొమ్మిది రోజులు కష్టపడి నాలుగు పాటల డ్రమ్స్, బేస్ తీసినాం. వింటే స్నేర్ అట్టపెట్టెని కొట్టినట్టుంది, బేస్‌లో ఒక్క నోటు మాత్రం గుమ్మని లేస్తాంది, మిగతావి వినపడవు.

కారణం లెక్కలోనే ఉంది. ఎదురెదురు గోడల మధ్య పదడుగులుంటే 56 హెర్ట్జ్ దగ్గర్లో ఉండే చప్పుడు ఆ గోడల మధ్య నిలబడిపోయి పెరుగుతుంది. నా రూములో వెడల్పూ ఎత్తూ రెండూ పదే కాబట్టి అదే చోట రెండింతలు. బేస్ గిటార్‌లో వేలు పెట్టకుండా మోగించే A తీగ 55 హెర్ట్జ్. అంటే ఆ అమ్మాయి యాంప్ నుంచి A నోటు వచ్చినప్పుడల్లా నా గోడలు కూడా వాయించినాయి, ఆ గుమ్ము డ్రమ్స్ మైకులన్నిట్లోకీ దూరింది. ఫోమ్ దాన్ని ఆపదు. 100 హెర్ట్జ్ అల పొడవు దాదాపు మూడున్నర మీటర్లు, దాన్ని తాగాలంటే మందం అడుగుల్లో ఉండాలి, అంగుళం ఫోమ్ పై స్థాయి మెరుపుని మాత్రం తాగేసి కింద గుమ్ముని వదిలేస్తుంది. కోడిగుడ్ల అట్టలు అంటించుకునే పిల్లలకి కూడా ఇదే చెప్తా, డబ్బు దండగ.

నాలుగు రోజులు ఈక్యూతో (కింది, పై స్థాయిల్ని పెంచి తగ్గించే పనిముట్టు), ముందే రికార్డ్ చేసిపెట్టిన డ్రమ్స్ సాంపిళ్ళతో బాగుచేద్దామని కూర్చున్నా. అవ్వలేదు. డ్రమ్మర్ వచ్చి విని "అన్నా, నేను ఇంత కొట్టింది యాడ పోయిందన్నా" అన్నాడు. ఆ రాత్రే ఆ ఫైళ్ళన్నీ పక్కన పడేసినా, ఆ తొమ్మిది రోజులకి వాళ్ళ దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు.

గోడౌను

సిమెంటు అంగడి వాళ్ళకి తెలిసినాయన ఒకాయనకి ఊరి బయట పాత శనక్కాయ మిల్లు ఉంది. కాయ పంట ఇంటికొచ్చేది అక్టోబర్, నవంబర్ మాసాల్లో, ఎండాకాలానికి గోడౌను దాదాపు ఖాళీ. అరవై అడుగుల పొడవు, నలభై వెడల్పు, ఇటుక గోడలు, కింద తాడిపత్రి నాపరాళ్ళు, పైన రేకులు. పోయి మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టినా, ఆ చప్పుడు రేకుల్లో తిరిగి తిరిగి వచ్చింది. లెడ్ జెప్లిన్ 1971 ఆల్బమ్‌లో ఒక పాటకి డ్రమ్స్‌ని ఒక పాత ఇంటి మెట్ల కింద హాల్లో పెట్టి పైనుంచి రెండు మైకులు వేలాడదీసి తీసినారు, ఆ చప్పుడు విని పెరిగినోడికి ఈ గోడౌను చూస్తే ఏమనిపిస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

కానీ వట్టి గోడౌన్లో తీస్తే అంతా బురద అవుతుంది. మూడు పనులు చేసినాం. ఖాళీ గోతాల కట్టలు మిల్లులోనే వందల కొద్దీ ఉన్నాయి, వాటిని నాలుగు మూలల్లో మనిషెత్తు దాకా, మూడడుగుల మందం పేర్చినాం, డ్రమ్స్ వెనక కూడా ఒక గోడ. అంత మందం జనపనార కింది స్థాయి గుమ్ముని బాగానే తాగింది. నిప్పు భయం ఉంది కాబట్టి లోపల బీడీ, సిగరెట్టు పూర్తిగా బంద్, వాకిట్లో ఇసుక బకెట్లు. రెండోది, కిక్ కొట్టినప్పుడల్లా రేకులు జర్రుమంటున్నాయి, ఇద్దరు పిల్లలు పైకెక్కి వదులైన బోల్టులన్నీ బిగించి, బిగియని చోట ఇసుక బస్తాలు పెట్టినారు. మూడోది డ్రమ్స్‌ని సరిగ్గా మధ్యలో పెట్టకుండా పొడవులో మూడో వంతు దగ్గర పెట్టినాం.

పగలు లోపల నిలబడలేం, మే నెల, బయటే నలభై దాటి ఉంది, రేకుల కింద ఇంకా ఘోరం. రాత్రి పది నుంచి తెల్లారుజాము నాలుగున్నర దాకా పని. అయిదు కొట్టేసరికి రేకుల సందుల్లో పిచ్చుకలు లేచి మొదలుపెడతాయి, ఇంగ రికార్డింగ్ బంద్. గుంతకల్లు లైను దూరం కాదు కాబట్టి గూడ్సు బండి వచ్చినప్పుడల్లా ఆగాల్సిందే.

రాత్రి పని కాబట్టి బేస్ వాయించే అమ్మాయితో వాళ్ళ నాన్న వచ్చేవాడు. కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. మొదటి రాత్రి గిటార్ యాంప్ ఆన్ చేస్తే జీ... అని 50 హెర్ట్జ్ హమ్, తీగలు పట్టుకుంటే తగ్గుతాంది, వదిలితే పెరుగుతాంది. సింగర్ మైకుకి పెదవి తగిలించేసరికి జివ్వుమని షాక్ కూడా కొట్టింది. నేను కేబుళ్ళు మారుస్తా ఉంటే ఆయన మీటర్ తీసుకోని న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య పెట్టి చూసినాడు, 14 వోల్టులు. "ఇది ఎర్తింగే కాదు సార్, ఎండిపోయిన గుంత" అన్నాడు. మరుసటి రోజు పొద్దున్నే కూలీని పెట్టి గుంత తవ్వించి, కొత్త రాడ్డు దింపి, ఉప్పూ బొగ్గూ వరసలు వరసలుగా వేసి, నాలుగు కడవల నీళ్ళు పోసినాడు. రాత్రికి ఒకటిన్నర వోల్టు. హమ్ దాదాపు పోయింది, షాక్ పూర్తిగా పోయింది. మన జిల్లాలో వానలు తక్కువ, నేల ఎండిపోయి ఉంటుంది, ఎండాకాలంలో ఎర్త్ గుంతకి నీళ్ళు పోయకపోతే ఎంత ఖరీదైన యాంప్ అయినా అంతే. ఇది రికార్డింగ్ సంగతి తర్వాత, మనిషి ప్రాణం సంగతి ముందు. మిగతా పది రాత్రులూ పని మొదలుపెట్టేముందు ఆయనే రెండు బిందెలు పోసి వచ్చేవాడు.

కలిసి వాయించడం

డ్రమ్స్, బేస్, రిథమ్ గిటార్ ముగ్గురూ ఒకేసారి. బేస్ డీఐ బాక్సులోంచి (యాంప్, మైకు లేకుండా గిటార్‌ని రికార్డింగ్‌కి కలిపే డబ్బా) నేరుగా, గిటార్ యాంప్ పక్కన కాటా రూములో తలుపేసి, డ్రమ్స్ ఒక్కటే పెద్ద హాల్లో, అందరి చెవుల్లో హెడ్‌ఫోన్లు. సింగర్ ఆఫీసు గదిలోంచి గైడ్ పాడేవాడు.

డ్రమ్స్‌కి మొత్తం అయిదు మైకులు. గ్లిన్ జాన్స్ అనే ఇంజనీర్ పేరుతో పిలిచే పద్ధతి, ఒకటి స్నేర్‌కి నిటారుగా పైన, ఇంకోటి ఫ్లోర్ టామ్ అనే నేల మీద నిలబెట్టే డ్రమ్ము పక్కన, రెండూ స్నేర్ నుంచి సరిగ్గా ఒకే దూరంలో ఉండాలి, లేకుంటే ఒకే దెబ్బ రెండు మైకులకీ వేరే వేరే సమయాల్లో చేరి సన్నబడిపోతుంది. ఆ దూరం కొలవడానికి గోతాలు కుట్టే పురికొస వాడినాం, ఒక కొస స్నేర్ మధ్యలో వేలితో నొక్కి పట్టుకోని ఇంకో కొసని రెండు మైకులకీ తగిలించి చూడడమే. కిక్‌కి ఒకటి, స్నేర్‌కి ఒకటి, అయిదోది పాతికడుగుల దూరంలో గోతాల మీద. ఆ అయిదో మైకే ఆల్బమ్ చప్పుడు. పాటలు వినేవాళ్ళు డ్రమ్స్‌కి ఏం ఎఫెక్ట్ వేసినారని అడుగుతారు, అది శనక్కాయ మిల్లు.

క్లిక్ ట్రాక్ (వేగం తప్పకుండా చెవుల్లో వినిపించే టిక్ టిక్) దగ్గర ఇంకో పాఠం. మొదటి రాత్రి ఒకటే వేగం పెట్టి వాయిస్తే పాట చచ్చిపోయింది. అంతకు ముందు ఆదివారాలు ఫోన్‌లో తీసుకున్న ప్రాక్టీసు రికార్డింగులు తీసి వేగం కొలిచి చూసినా. చరణం నిమిషానికి 92 దెబ్బల దగ్గర నడుస్తాంది, పల్లవికి వచ్చేసరికి తెలీకుండానే 95, 96కి ఎక్కుతాంది, అన్నిసార్లూ అంతే. అది తప్పు కాదు, ఆ పాట ఊపిరి. అందుకే వాళ్ళ ప్రాక్టీసు నుంచే వేగం మ్యాప్ కట్టి క్లిక్‌ని దాని ప్రకారం మార్చినా. రెండో రాత్రి మూడో టేకే ఆల్బమ్‌లో ఉంది.

గిటార్ల గురించి తొందరగా చెప్తా. షూర్ 57 మైకు ఒకటి, స్పీకర్ మధ్య టోపీ అంచు దగ్గర, గుడ్డకి రెండువేళ్ళ దూరంలో. గెయిన్ (యాంప్‌లో గిటార్ చప్పుడుని గరగరలాడించే నాబ్) వాళ్ళు పెట్టుకున్న దానికన్నా బాగా తగ్గించి, అదే రిఫ్‌ని రెండోసారి విడిగా వాయించి చెరో పక్క పెట్టినాం. మందం రెండు టేకుల మధ్య ఉండే చిన్న తేడాల్లోంచి వస్తుంది, గెయిన్ నాబ్‌లోంచి వచ్చేది ఈగల చప్పుడు. పాటలు డ్రాప్ డిలో (గిటార్ కింది తీగని డి స్వరానికి దించే శ్రుతి) ఉన్నాయి, గిటార్ కింది తీగ 73 హెర్ట్జ్, బేస్ దానికి సగం. ఇద్దరూ ఒకే చోట తోసుకోకుండా గిటార్లలో కింది భాగం మిక్స్‌లో కోసేసినా. చెమటకి తీగలు రెండు రాత్రుల్లో మొద్దుబారిపోతుండె, బేస్ తీగల్ని నీళ్ళలో మరగబెట్టి ఆరబెట్టి మళ్ళీ వేసింది ఆ అమ్మాయి, అది పనిచేస్తుంది.

గొంతు మాత్రం నా స్టూడియోలోనే, ఆ ఫోమ్ రూములో. రోజుకి రెండు గంటలు మించనియ్యలేదు. స్టాండు మీద ఖరీదైన కండెన్సర్ పెడితే బిగుసుకుపోయినాడు, చేతికి మామూలు స్టేజీ మైకు ఇచ్చినాక ఒక్కసారిగా కాళ్ళు కదిలినాయి, గొంతూ కదిలింది. కొన్ని చోట్ల కాలి చప్పుడు రికార్డులో ఉంది, తీసేయలేదు.

అయిదో పాట బోరు మీద. ఈ జిల్లాలో ఏ ఇంట్లోనైనా బోరు కథ ఒకటి ఉంటుంది. సింగర్ వాళ్ళ నాయన వేసిన బోర్లలో నీళ్ళు పడనిదాని మీద రాసినాడు, "వెయ్యడుగులు పోయినా దుమ్మే లేస్తాంది" అని. రిఫ్ కూడా బోరుబండి దెబ్బల్లోంచే పుట్టింది. పాట మొదట్లో నిజం బోరుబండి చప్పుడు ఉంటే బాగుంటుందని పక్క ఊర్లో ఎవరో బోరు వేయిస్తుంటే రికార్డర్ పట్టుకోని పోయినాం. తీరా అక్కడ ఆ రైతు మొఖం చూసినాక మైకు బయటికి తీయడానికి చేతులు రాలేదు. సింగరే ఆయన దగ్గరికి పోయి ఎందుకొచ్చినామో చెప్పినాడు, ఆయన "తీసుకో నాయనా, నీళ్ళు పడితే అదీ తీసుకో" అన్నాడు. సాయంత్రం దాకా ఉన్నాం. ఆల్బమ్‌లో ఉన్నది నలభై సెకన్లు, కంప్రెసర్ మోత, సుత్తి దెబ్బలు, చివర్లో బండి ఆగిపోయిన నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని నేను కత్తిరించలేదు, ఫేడ్ చేయలేదు.

కాగితం

బ్యాండ్ విడిపోయేంత పని అయింది ఒక్కసారే, అదీ హక్కుల దగ్గర. లీడ్ గిటార్ అబ్బాయి రిఫ్‌లు ఎక్కువ, సింగర్ మాటలు ఎక్కువ, డ్రమ్మర్ ఇద్దరికన్నా ఎక్కువ చెమట. ఎవరిది పాట? గోడౌన్‌కి పోకముందే ఒక ఆదివారం కూర్చోబెట్టినా. 1957 కాపీరైట్ చట్టంలో పాట సాహిత్యం, బాణీ, రికార్డింగ్ మూడూ వేరే వేరే హక్కులు. 2012 సవరణ తర్వాత రాసినోళ్ళు, బాణీ కట్టినోళ్ళు తమ రాయల్టీ వాటాని ఎవరికీ రాసిచ్చేయలేరు, వారసులకీ కాపీరైట్ సొసైటీకీ తప్ప. అందుకే రెండు కాగితాలు. రికార్డింగ్ హక్కు అయిదుగురికీ సమానం, ఖర్చు కూడా సమానంగా పెట్టినారు కాబట్టి. సాహిత్యం, బాణీ పాట పాటకీ విడిగా, ఎవరు చేసింది వాళ్ళ పేరు మీద. రాసినోళ్ళకీ బాణీ కట్టినోళ్ళకీ రాయల్టీ వసూలు చేసిచ్చే ఐపీఆర్‌ఎస్ సొసైటీలో సభ్యత్వం కూడా తీసుకోమని చెప్పినా, ప్రతి ట్రాక్‌కి ఆ రికార్డింగ్‌ని గుర్తుపట్టే పన్నెండక్షరాల ఐఎస్‌ఆర్‌సీ కోడ్ వేయించినా. ఆ పూట ఇద్దరు అలిగి టీ తాగకుండా పోయినారు, వచ్చే ఆదివారానికి వచ్చి సంతకాలు పెట్టినారు. రికార్డింగ్ అయిపోయినాక ఈ మాట ఎత్తి ఉంటే వచ్చేవాళ్ళు కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మిక్స్ నెలన్నర. పొద్దున్నే తాజా చెవులతో చేసి, సాయంత్రం స్నేహితుడి ఆటోలో, సిమెంటు అంగడి రేడియో స్పీకర్లో, నాసిరకం ఇయర్‌ఫోన్లలో విని మళ్ళీ వచ్చి సరిచేసేవాణ్ణి. లౌడ్‌నెస్ కోసం కొట్టుకోలేదు. స్పాటిఫై లాంటివి పాటని మామూలుగా మైనస్ 14 లఫ్స్ (చప్పుడు ఎంత పెద్దగా వినపడుతుందో చెప్పే కొలత) దగ్గరికి తెచ్చేస్తాయి, మనం నలిపి నలిపి పెద్దగా చేసినా వాళ్ళు తగ్గించేస్తారు, పోయేది డ్రమ్స్ దెబ్బే. ఆ పిల్లోడి నాలుగు నెలల కుడికాలిని నేను లిమిటర్ కింద పెట్టి నలపలేను.

ఏమైంది

కోట్ల వ్యూస్ రాలేదు. ఆల్బమ్ వచ్చినాక ఊర్లో ఒక ఫంక్షన్ హాలు మాట్లాడుకోని ఎనిమిది పాటలూ వరసగా వాయించినారు, కుర్చీలు నిండి జనం గోడల వెంట నిలబడినారు. ముందు వరసలో చెక్కభజన గుంపు పెద్దమనుషులు కూర్చున్నారు, మిశ్రగతి పాట వచ్చినప్పుడు వాళ్ళ చేతులు తొడల మీద తాళం వేస్తా ఉన్నాయి, ఒక్క దెబ్బ తప్పలేదు. బోరు పాటకి వెనకాల ఎవరో ఏడ్చినారని డ్రమ్మర్ చెప్పినాడు, నేను మిక్సర్ దగ్గర ఉన్నా కాబట్టి చూడలేదు.

మళ్ళీ చేస్తే మార్చేవి ఉన్నాయి. మూడో పాటలో స్నేర్ కొంచెం పల్చగా ఉంది, ఆ రాత్రి తోలు మార్చాల్సింది, తొందరపడి మార్చలేదు. లీడ్ గిటార్‌ని విడిగా వారాంతాల్లో తీసినాం, ఆ అబ్బాయి కూడా ఆ 11 రాత్రులూ సెలవు పెట్టుకోని ఉండి ఉంటే రెండు పాటల్లో సోలో ఇంకా కలిసిపోయేది. గోతాల ధూళికి సింగర్ గొంతు రెండు రోజులు పట్టేసింది, ఈసారి ముందే దులిపించి నీళ్ళు చల్లించాలి.

రెండో ఆల్బమ్‌కి పాటలు మొదలుపెట్టినారు, అయిదు అయినాయి. గోడౌను ఎండాకాలానికే దొరుకుతుందని అనుకుంటా ఉంటిమి. పోయిన వారం మిల్లు ఓనరు ఫోన్ చేసినాడు, ఈసారి కాయ ఏమీ రాలేదు, వానలు మోసం చేసినాయి, గోడౌను ఇప్పటికే ఖాళీగా ఉంది, కావాలంటే సంక్రాంతికే రండి అని. సింగర్‌కి ఆ మాట చెప్తే వాడు శానాసేపు ఏమీ మాట్లాడలేదు, వాళ్ళదీ మూడెకరాల కాయ చేనే. తర్వాత అడిగినాడు, ఎర్త్ గుంతకి నీళ్ళు ఎవరు పోస్తాండారన్నా అని.